స్మృతి కవితకు బాణీ కట్టడం ఎలా

పోయినవాళ్ల మీద రాసిన కవిత ముందు పెట్టుకుని కూర్చోగానే చేయి దానంతట అదే మైనర్ కార్డ్ (విషాదంగా వినిపించే స్వరాల కలయిక) మీదికి పోతుంది. పోనివ్వండి. కానీ పని అక్కడితో అయిపోలేదు. నేను పాటించేది ఒక్కటే: ఏడుపు వాద్యానికి వదిలేయాలి, గొంతు మాట చెప్పాలి.

కవిత చిన్నదే తీసుకోండి. చదవడానికి నిమిషం పట్టేది పాడితే చాలా సాగుతుంది. ఎంచుకునేవీ కొన్నే చాలు: జర్మన్ కవి ర్యూకెర్ట్ తన ఇద్దరు పిల్లలు పోయాక నాలుగు వందలకు పైగా కవితలు రాశాడు. స్వరకర్త గుస్తావ్ మాలర్ 1901-1904 మధ్య వాటిలోంచి పాటలుగా కట్టినవి ఐదే. కవితకు హక్కులు ఎవరికైనా ఉంటే అనుమతి ఇప్పుడే అడగండి, బాణీ అయ్యాక కాదు.

తర్వాత కవితను పైకి చదవండి. ఉదాహరణకు ఇప్పుడే అనుకున్న పంక్తి ఇది: "నువ్వు లేవని తెలిసీ తలుపు తీశాను". ఇందులో సాగదీయడానికి లే, సీ, తీ, శా ఉన్నాయి. 'తలుపు'లో త మీద ఆగితే అది 'తాలుపు' అవుతుంది, వినేవాళ్లు అక్కడే జారిపోతారు. 'నువ్వు'లో ను మీద వేలాడకుండా వ్వు దగ్గరికి వెళ్లిపోవాలి. ఇక పై స్వరం ఎక్కడ? అందరి చేయీ 'లేవని' మీదికే పోతుంది. ఆ మాటకు బరువు ముందే ఉంది, పైస్థాయి కూడా తోడైతే సినిమా అయిపోతుంది. నేనైతే దాన్ని కింద, మామూలుగా మాట్లాడినట్టు ఉంచి, 'తీశాను' దగ్గర ఎక్కుతాను. తెలిసి కూడా తలుపు తీయడమే కదా అసలు సంగతి.

వాద్యం ఏం చేయాలో తెలియాలంటే ఇంగ్లిష్ స్వరకర్త హెన్రీ పర్సెల్ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) 'డైడో అండ్ ఈనియస్' చివర్లో, చనిపోయే ముందు డైడో రాణి పాడే పాట వినండి. కింద ఐదు బార్ల (తాళం ఆవర్తనాల్లాంటివి) బేస్, అంటే మంద్రంలో వాద్యం వాయించే వరస, ఒకటే, అర్ధస్వరాల్లో దిగుతూ మళ్లీ మళ్లీ వస్తుంది. పైన ఆమె 'నన్ను గుర్తుంచుకో' అని మొదట అడిగేది మాత్రం ఒకే స్వరం మీద నిలబడి. మీరూ ఎడమ చేత్తో పై షడ్జం నుంచి పంచమం దాకా ఒక్క అర్ధస్వరం కూడా వదలకుండా దిగుతూ, గొంతును ఒకే స్వరం మీద పెట్టి చూడండి.

విషాదమని టెంపో మరీ లాగకండి. పంక్తి మొత్తం ఒక ఊపిరిలో అందే వేగమే సరైనది. శ్రుతి మామూలుకన్నా అర మెట్టు తగ్గించండి, గొంతు బిగుసుకున్నా పై స్వరం అందుతుంది.

ఇలాంటి పాటల్లో పాడేవాళ్లకు ఎవరో ఒకరు గుర్తొచ్చి గొంతు పూడుకుపోవడం మామూలే. ఏ పంక్తి దగ్గరో రిహార్సల్‌లోనే కనిపెట్టి, దానికి ముందు రెండు బార్లు వాద్యానికి ఇవ్వండి. అప్పటికీ ఆగకపోతే ఏడవనివ్వండి, రికార్డింగ్ మర్నాడు పెట్టుకోవచ్చు.