పొద్దున్నే టకటక, కారణం ఆయిలే

పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు ఇంజన్ పైభాగంలో టకటకమని చప్పుడు. వేడెక్కాక మళ్లీ వినిపించదు. వాల్వుల్లో ఏదో పోయిందని ఒకటే టెన్షన్. తీరా పాత బిల్లు తీసి చూస్తే, కిందటిసారి సర్వీసులో పోసిన ఇంజన్ ఆయిల్ గ్రేడు 20డబ్ల్యూ-50. మాన్యువల్ చెప్పింది 5డబ్ల్యూ-30.

మొదటి అంకె, చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది; అది ఎంత తక్కువైతే అంత తేలిక. డబ్ల్యూ అంటే వింటర్. రెండోది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం. చిక్కగా ఉంటే ఇంజన్‌కి బలమని నేనూ అనుకునేవాణ్ణి! రాత్రంతా కిందికి దిగిన ఆయిల్ పొద్దున పైకి చేరడంలో చల్లగా ఉన్నప్పటి ఆ చిక్కదనమే ఆలస్యం చేస్తోంది.

ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ గుర్తు (పెట్రోలు ఇంజన్ ఆయిల్ నాణ్యతకి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణం) చూసుకుని, ఫిల్టర్‌తో సహా మార్చాను. చప్పుడు పోయింది. బ్రాండ్ల గొడవ నాకు పట్టదు. గ్రేడు, గుర్తు మాన్యువల్‌తో కలిస్తే చాలు.

ఇక ఎన్నాళ్లకోసారి? నా కారు మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కానీ నా తిరుగుడంతా నాలుగైదు కిలోమీటర్లే. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. ఇలాంటి వాడకానికి అదే పుస్తకంలో వేరే పట్టిక ఉంది, గడువు సగం. దాన్నే పాటిస్తున్నాను. ఆయిల్ నల్లబడిందని కంగారుపడడం మానేశాను. నెలకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ) మాత్రం తీసి చూస్తాను.