సూది కంటే ముందు నేర్పాల్సినవి

షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీలు చేసే ఆడవాళ్ల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీ ఉంది. 10,000 ఇళ్లు. చాలా ఇళ్లలో వినబడేది మన తెలుగే. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకొని, తల వంచుకొని కూర్చునే పని కాబట్టి మెడ, భుజం, మణికట్టు నొప్పి లేని మనిషి అరుదు. నేను ఆక్యుపంక్చర్ చేస్తాను, అంటే ఒంటి మీద కొన్ని బిందువుల దగ్గర సన్నటి సూదులు పెట్టే వైద్యం. అక్కడి అక్కలకే కొంత నేర్పి పెట్టుకుంటే నొప్పికి గోలీలు మింగడం తగ్గుతుందని మొదలుపెట్టాను. మీ ఊళ్లో ఇలాంటి పని చేయాలనుకుంటే నాకు తెలిసింది చెప్తాను.

ముందు చట్టం చూసుకోండి. మహారాష్ట్రలో 2015 చట్టం ప్రకారం రిజిస్టరైనవాళ్లే సూది పెట్టాలి. అందుకే మా అక్కలు సూది గుచ్చరు. రోగిని అడగడం, బిందువు వెతికి వేలితో నొక్కడం, సూదులు లెక్కపెట్టడం వాళ్ల పని. ఇది చిన్న పని అనుకోకండి.

మొదటి వారం బిందువుల ఊసే ఎత్తను. ప్రశ్నలు నేర్పుతాను. కడుపుతో ఉన్నావా? రక్తం పలచబడే మందులు వాడుతున్నావా? దగ్గు రెండు వారాలు దాటిందా? తంబాకు దుమ్ములో బతికేవాళ్లకు దగ్గు మామూలే అనిపిస్తుంది, అక్కడే టీబీ దాక్కుంటుంది. అలాంటి మనిషిని ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తెమడ పరీక్షకు పంపాలి. ఛాతీ నొప్పి ఎడమ చేతికి లాగుతున్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా అంతే. మన దగ్గర ఆపుకోకూడదు.

తర్వాత కొలత. ఇక్కడ అందరూ ఒకే తప్పు చేస్తారు, తమ వేళ్లతో కొలుస్తారు. రోగి వేళ్లతో కొలవాలి. వాంతి వచ్చేట్టున్నప్పుడు నొక్కే బిందువు మణికట్టు గీతకు మూడు వేళ్ల పైన, లోపలి వైపు, రెండు నరాల మధ్య ఉంటుంది. నరాలంటున్నాను గానీ అవి కండరాల్ని ఎముకకు కట్టే తాళ్లు. పిడికిలి బిగించి కొంచెం వంచితే తేలి కనబడతాయి. తునికాకు మందాన్ని వేలితో పసిగట్టే మా అక్కలకు అది రెండు నిమిషాల్లో దొరికింది. ఎంత గట్టిగా నొక్కాలన్నదే కష్టం. అందుకే ముందు నా చేతి మీదే నొక్కమంటాను. "ఇంకొంచెం అక్కా... అంతే, అక్కడ ఆపు" అని చెప్తేనే వేలికి అలవాటవుతుంది. బొటనవేలు, చూపుడువేలి మధ్య కండలో ఉండే బిందువు తలనొప్పికి పేరుపడ్డది. గర్భిణులకు మాత్రం దాన్ని ముట్టకూడదు.

భుజం మీద అందరికీ నొప్పి పుట్టే చోట నేనే సూది పెట్టను. దాని కిందే ఊపిరితిత్తి కొన ఉంటుంది, సూది లోతుకు దిగితే ప్రాణం మీదికొస్తుంది. అక్కడ వేలు చాలు.

లెక్క గురించి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఒకసారి ఒక రోగికి పన్నెండు సూదులు పెట్టి పదకొండు తీశాను. ఆమె లేచి చీర సర్దుకుంటుంటే మా అక్క ఒకామె, "ఆగు వదినా, కదలకు" అని ఆపింది. చీర కుచ్చిళ్లలో ఉంది సూది. అప్పటినుంచి పెట్టేటప్పుడు ఒకరు, తీసేటప్పుడు ఇంకొకరు పైకి లెక్కపెడతారు. వాడిన సూది మళ్లీ వాడకూడదు, సూది గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి నేరుగా వేయాలి. ఎవరికైనా కళ్లు తిరిగితే వెంటనే సూదులు తీసి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తాలి. దీన్ని కాగితం మీద కాదు, ఒకరినొకరు పడుకోబెట్టి సాధన చేయించండి.

చైనాలో సైనికులకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే కన్నుమూసిన డాక్టర్ కోట్నీస్ గారిది షోలాపూరే. ఆయనతో వెళ్లిన డాక్టర్ బసు గారు తర్వాత ఈ విద్య నేర్చుకొని కలకత్తాకు తెచ్చారు. క్లాసులో ఈ సంగతి చెప్తే అక్కలు నిటారుగా కూర్చుంటారు.

ఇంకో మాట. క్లాసు గంట దాటనివ్వకండి, ఆ గంటకు డబ్బులివ్వండి. వెయ్యి బీడీలకింత అని కూలి దొరికే ఇంట్లో చాట పక్కన పెట్టి వచ్చిన గంటంటే ఆ రోజు కూరగాయల డబ్బు.