థైరాయిడ్ మాత్ర మానకపోయినా టీఎస్‌హెచ్ దిగకపోతే

సమస్య: హైపోథైరాయిడిజానికి (థైరాయిడ్ గ్రంథి మందగించడానికి) నెలల తరబడి మాత్ర వేసుకుంటున్నా నీరసం, జుట్టు రాలడం తగ్గవు; పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు రక్తంలో పెరిగే మరో హార్మోను) దిగదు. మాత్రను పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకోవాలని, ఆపై అరగంట నుంచి గంట వరకు కాఫీ జోలికి పోకూడదని మీకు తెలిసే ఉంటుంది. మోతాదు పెంచమని వైద్యుణ్ణి అడిగే ముందు ఇంట్లోని మందుల డబ్బాను ఒకసారి బోర్లించి చూడండి. ఇంత చిన్న పనిని దాదాపు ఎవరూ చేయరు.

కారణం: ఆ డబ్బాలోని ఇనుము, కాల్షియం. ఇవి పేగులో థైరాయిడ్ మాత్రలోని మందైన లెవోథైరాక్సిన్‌ను పట్టుకొని రక్తంలోకి సరిగా చేరనివ్వవు కనుక మింగిన మోతాదు సరైనదే అయినా ఒంటికి అందేది తక్కువ. అసలు చిక్కేమిటంటే, "ఐరన్ వాడుతున్నారా?" అని అడిగితే "లేదండీ" అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు; వారి లెక్కలో అది రక్తం పట్టడానికి వేసుకునే మాత్ర, లేదా బలానికి వేసుకునే క్యాప్సూల్. ఆ "లేదండీ"ని నమ్మి ఒకావిడకు నేను మోతాదును 50 మైక్రోగ్రాముల నుంచి 75కు, అక్కడి నుంచి 100కు పెంచాను. మరిచిపోకూడదని ఆమె రెండు మాత్రలనూ పొద్దున్నే ఒకే గుక్కలో మింగుతున్నారని, మందుల సంచితో వచ్చిన రోజునగానీ తెలియలేదు. ఐరన్‌ను సాయంత్రానికి మార్పించాక ఆ 100 ఎక్కువై గుండెదడ మొదలైంది, మళ్లీ తగ్గించవలసి వచ్చింది. అప్పటి నుంచి పేర్లు అడగడం మానేసి డబ్బానే తెమ్మంటున్నాను.

పరిష్కారం: థైరాయిడ్ మాత్రకూ, ఇనుము లేదా కాల్షియం ఉన్న దేనికైనా మధ్య కనీసం 4 గంటల ఎడం పాటించి, 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించుకోండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, ఐరన్ సాయంత్రం అయితే అవి రెండూ కూడా ఒకదానికొకటి అడ్డురావు. ఐరన్‌ను మాత్రం మానకండి: హార్మోనును తయారుచేసే పెరాక్సిడేజ్ ఎంజైముకు ఇనుము కావాలి, పైగా మీ నీరసానికి రక్తహీనతే మూలం కావచ్చు. గర్భిణులకు ఈ మాత్రలన్నీ అవసరమే కనుక వేళలు మార్చుకోవాలి తప్ప ఏదీ ఆపకూడదు.

ఇక థైరాయిడ్ హార్మోనుకు ముడిసరుకైన అయోడిన్ సంగతి: దాని లోపం అరుదు. వంటకు సైంధవ లవణమొక్కటే వాడుతుంటే అయోడిన్ ఉప్పుకు మారండి, సముద్రపు నాచు క్యాప్సూళ్లు మాత్రం వద్దు. థైరాయిడ్ హార్మోను టీ4ను ఒంట్లో చురుగ్గా పనిచేసే టీ3గా మార్చే ఎంజైములకు సెలీనియం అవసరమన్నది నిజమే గానీ, రోజుకు 55 మైక్రోగ్రాముల కోసం సొంతంగా మాత్రలు కొనవలసిన పని లేదు. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు పరీక్షకు రెండు రోజుల ముందే ఆపాలి. అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు.