పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్లు చదివేలా పేజీలు పెట్టడం ఎలా?

కాలనీ సంఘం పత్రిక, పూర్వ విద్యార్థుల సావనీర్, కోచింగ్ సెంటర్ మంత్లీ... హైదరాబాద్‌లో తయారయ్యే చిన్న పత్రికలు చాలావరకు ఒకే పద్ధతిలో పాడవుతాయి. కవర్ గురించి నెలంతా మీటింగులు పెడతారు. లోపలి మ్యాటర్‌ని మాత్రం ఆఖరి రోజు రాత్రి తెచ్చి, కంప్యూటర్లో పేజీలు పేర్చే డీటీపీ ఆపరేటర్ నెత్తిన పడేస్తారు. కవర్ చూసి పత్రిక తీసుకుంటారన్నది నిజమే. అయితే మూడో పేజీ దాకా వెళ్లాలా వద్దా అన్నది అక్షరం సైజును, లైన్ల మధ్య ఖాళీని బట్టి ఉంటుంది. అందుకే దాని గురించి ఎక్కువ చెబుతాను, మిగతావి గబగబా ముగిస్తాను.

1. ఎవరికోసమో ముందు రాసుకోండి

ఒక్క వాక్యం చాలు. "అందరికీ" అని మాత్రం రాయొద్దు. అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాడు పెన్ను పట్టుకుని చదువుతాడు. అతనికి పేజీ బయటివైపు కనీసం 25 మిల్లీమీటర్ల మార్జిన్ కావాలి, పెన్ను సిరా పీల్చుకునే కాగితం కావాలి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద రాస్తే చెయ్యి తగలగానే అలుక్కుపోతుంది. పద్మారావునగర్‌లో ఉండే రిటైరైన మాస్టారికి 14 పాయింట్ల అక్షరం (పాయింట్ అంటే అక్షరం సైజు కొలత), ట్యూబ్‌లైట్ కింద మెరవని కాగితం ఇవ్వాలి. కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు కానీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. వాళ్లకు 18 పాయింట్లు, పొట్టి వాక్యాలు, ప్రతి పేజీలో ఒక బొమ్మ. ఈ ముగ్గురికీ ఒకే లేఅవుట్ సరిపోదు. సంఘం పత్రికలో పిల్లల పేజీలు ఉంటే వాటికి వేరే సైజు, వేరే కాలమ్ పెట్టండి. పేజీలన్నీ ఒకేలా లేవని కమిటీలో ఎవరో అంటారు, అననివ్వండి.

2. సైజు, కాగితం, సాఫ్ట్‌వేర్

ఏ4 గానీ, దాంట్లో సగం ఏ5 గానీ తీసుకోండి. సెంటర్ పిన్ (నడిమి మడత మీద పిన్) కొట్టాలంటే పేజీలు 4 గుణిజాల్లో ఉండాలి. 16 పేజీల ఫారాల (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టల) లెక్కన ప్లాన్ చేసుకుంటే కాగితం వృథా కాదు. లోపలి పేజీలకు 80 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) మాప్లిథో అనే మెరవని తెల్ల కాగితం, కవర్‌కి ఆర్ట్ కార్డ్. పేజీలు ఎక్కువై, పిన్ బదులు వీపుకు జిగురు పెట్టి అంటించే పర్ఫెక్ట్ బైండింగ్‌కి వెళితే లోపలివైపు మార్జిన్ పెంచాలి, లేకపోతే లైన్ల చివరి అక్షరాలు బైండింగ్‌లోకి పోతాయి.

పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, ఏ ఫోన్లో అయినా చదవగలిగే యూనికోడ్ ఫాంట్‌తో చేయండి. దానికి ముందు వాడిన సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పటికీ దాన్నే పట్టుకుని, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసి, "అలవాటైపోయింది సార్" అంటారు. ఆ మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో అయితే అదే మ్యాటర్ ప్రింటుకీ ఫోనుకీ పనికొస్తుంది. సెట్టింగుల్లో భారతీయ లిపుల అక్షరాలను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవడం మర్చిపోవద్దు. లేకపోతే ఒత్తులు అక్షరాల కింద కూర్చోకుండా పక్కకు వచ్చి నిలబడతాయి.

3. మ్యాటర్ పేర్చడం

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా అన్నీ బాగున్నా ఇది చెడితే పత్రికను ఎవరూ చదవరు.

మొదట లైన్ గ్యాప్. ఈ సాఫ్ట్‌వేర్లలో ఆటో లీడింగ్, అంటే లైన్ గ్యాప్ (ఒక లైన్ అడుగు నుంచి తర్వాతి లైన్ అడుగు దాకా) సాఫ్ట్‌వేర్ తనంతట తానే పెట్టేది, అక్షరం సైజులో 120 శాతం. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల గ్యాప్. ఇంగ్లిష్‌కి సరిపోతుంది, తెలుగుకు చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిసార్లు ఒత్తు కింద ఇంకో ఒత్తు. పై లైన్లో "రాష్ట్రం", "లక్ష్మి" ఉండి, సరిగ్గా వాటి కింద "శ్రీధర్", "కీర్తి" పడితే రెండూ గుద్దుకుంటాయి. పాఠకుడు ఇదీ లోపమని చెప్పలేడు. ఏదో ఇరుగ్గా ఉందనుకుని పేజీ తిప్పేస్తాడు. నేను 12 పాయింట్లకు 18 పెడతాను, 14కి 21. అంటే ఒకటిన్నర రెట్లు. ఫాంట్ మార్చిన ప్రతిసారీ ఈ మాటలనే పైన ఒకటి, కింద ఒకటి పెట్టి ప్రింట్ తీసి చూడండి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, దాన్ని నమ్మొద్దు.

పాయింట్ అంకెను కూడా నమ్మొద్దు. ఒకే 12 పాయింట్లు ఒక ఫాంట్‌లో పెద్దగా, ఇంకో ఫాంట్‌లో చీమతలకాయంత కనిపిస్తాయి. ఉచితంగా దొరికేవాటిలో మ్యాటర్‌కి మండలి వాడండి, హెడ్డింగులకు రామభద్ర. రామభద్రతో మ్యాటర్ మొత్తం పెట్టినవాళ్లను చూశాను. అంత లావు అక్షరాలు చిన్న సైజులో పూడుకుపోతాయి. థలో చుక్క, కింది ఒత్తులు కనిపించకపోతే థ, ధ రెండూ ద లాగే ఉంటాయి. "ధార", "దార" పక్కపక్కన వచ్చే వ్యాసమైతే చదివేవాడి పని అయిపోయినట్టే.

తర్వాత కాలమ్ వెడల్పు. ఏ4లో మూడు కాలమ్‌లు పెడితే మార్జిన్లు పోను ఒక్కోటి సుమారు 57 మిల్లీమీటర్లే వస్తుంది. "వెళ్లిపోవాల్సివచ్చినప్పుడు" అన్న మాట ఒక్కటే లైన్లో చాలా భాగం తినేస్తుంది. దాన్ని జస్టిఫై చేస్తే, అంటే రెండు అంచులూ సమానంగా లాగితే, మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి, అవి ఒకదాని కింద ఒకటి చేరి పేజీలో తెల్లటి పగుళ్లలా కనిపిస్తాయి. రెండు కాలమ్‌లు పెట్టండి. మూడు తప్పదంటే జస్టిఫై మానేసి ఎడమవైపు సర్దండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉందని ఫిర్యాదు చేసేది డిజైనర్లే, పాఠకులు కాదు.

మాట విరవాల్సివస్తే అర్థం ఉన్నచోట విరవండి. "రామ" ఒక లైన్లో, "చంద్రుడు" రెండో లైన్లో ఉంటే ఇబ్బంది లేదు. "రామచంద్రు" దాకా ఒక లైన్లో పెట్టి "డు" ఒక్కదాన్నీ కిందకు తోసేస్తే చూపు అక్కడే తట్టుకుంటుంది.

ఇక అసలు పాపం. మ్యాటర్ రెండు లైన్లు ఎక్కువైందని అక్షరాన్ని 85 శాతానికి అడ్డంగా నొక్కేయడం, లేదా అక్షరాల మధ్య ఖాళీ తగ్గించడం. తెలుగు అక్షరాలు గుండ్రటివి. నొక్కితే ఆ వ్యాసం ఒక్కటే పేజీలో పరాయిదిలా కనిపిస్తుంది. అను ఫాంట్లలో అయితే ఒత్తు, గుడి విడి ముక్కలు కాబట్టి, ఖాళీ మార్చగానే ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కదాని కిందకు పోతుంది. మ్యాటర్ ఎక్కువైతే రచయితకు ఫోన్ చేసి రెండు లైన్లు తీసేయమనండి. కవిగారైతే ఒప్పుకోరు, అప్పుడు ఫొటో చిన్నది చేయండి.

4. హెడ్డింగులు, బొమ్మలు

ఒక పత్రికకు రెండు ఫాంట్లు, మహా అయితే మూడు. వంటల పేజీలో కావాల్సినవి, చేసే విధానం ఎదురెదురుగా కనబడాలి. పిండి చేత్తో ఎవరూ పేజీ తిప్పరు. రంగు డబ్బాలో తెల్ల అక్షరాలతో వ్యాసం పెట్టొద్దు. రంగుకొకటి చొప్పున అచ్చుకు వాడే నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాలు పూడిపోతాయి. మొదటి అక్షరాన్ని పెద్దది చేసే అలంకారం తెలుగుకు నప్పదు. "శ్రీ"తో మొదలయ్యే వ్యాసానికి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

5. కవర్

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు పరిచిన తీరు చూడండి. ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, చాలావాటికి పై భాగమే కనిపిస్తుంది. పత్రిక పేరు అక్కడే ఉండాలి. 1947లో మొదలైన చందమామకు తర్వాతి కాలంలో వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు గుర్తు తెచ్చుకోండి. పైన పేరు, కింద ఒకే ఒక్క సన్నివేశం. మనవాళ్లు మాత్రం తొమ్మిది శీర్షికలు, రెండు యాడ్లు, అధ్యక్షులవారి ఫొటో ఇరికిస్తారు. అధ్యక్షులవారిని లోపలి మొదటి పేజీకి సాగనంపండి. ఒక బొమ్మ, రెండు శీర్షికలు చాలు. కవర్ ప్రింట్ తీసి గోడకు అంటించి ఆరడుగుల దూరం నుంచి చూడండి. పేరు చదవలేకపోతే మళ్లీ చేయండి.

6. ప్రెస్సుకు పంపడం

అంచుల దాకా వెళ్లే బొమ్మలకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపుకు అదనంగా వదిలే భాగం), ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), మ్యాటర్ అక్షరాలు నాలుగు రంగులు కలిపి కాకుండా ఒక్క నలుపులోనే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఫోన్లో ఎంత బాగున్నా పెద్దదిగా వాడొద్దు, ఒరిజినల్‌ని మెయిల్ చేయించుకోండి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ (ఫైల్లోనే చేరడం) అయ్యాయో లేదో చూసుకోండి. ఒక్క ఫారం అసలు సైజులో ప్రింట్ తీసి, మీరు మొదట రాసుకున్న ఆ పాఠకుడి చేతికే ఇవ్వండి. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నా, కాగితాన్ని కంటికి దూరంగా జరిపినా, ఏమీ అడక్కుండా ఒక పాయింట్ పెంచి మళ్లీ పేర్చండి. ప్లేట్లు వేశాక ఆ పని చేయాలంటే కొత్త ప్లేట్ల ఖర్చు మీదే.