ఐర్లండ్ భూసంస్కరణల చరిత్రను మూలపత్రాలతో అధ్యయనం చేయడం ఎలా

ముందుగా చట్టాల వరుసను పట్టుకోవాలి. 1870 చట్టం, భూమి నుంచి వెళ్లగొట్టబడిన కౌలుదారుకు కొంత పరిహారం కల్పించింది. ఐరిష్ నాయకులు మైఖేల్ డేవిట్ చొరవతో, పార్నెల్ అధ్యక్షతన 1879లో కౌలుదారుల హక్కుల కోసం ఏర్పడిన ల్యాండ్ లీగ్ అనే సంఘం చేసిన ఆందోళన తరువాత వచ్చిన 1881 చట్టం, న్యాయమైన కౌలును, కౌలు భద్రతను, కౌలు హక్కును అమ్ముకునే స్వేచ్ఛను గుర్తించింది. 1903 నాటి విండమ్ చట్టం, ప్రభుత్వ రుణంతో కౌలుదారులే భూమి కొనుక్కునే మార్గాన్ని బాగా విస్తరించింది.

తరువాత ఒకే ఒక పారిష్‌ను (స్థానిక పాలనలో ఒక చిన్న ప్రాంతం) ఎంచుకొని, 1847–1864 మధ్య ప్రచురితమైన, ఐర్లండ్ భూములకు విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో భూస్వామి, కౌలుదారు, విస్తీర్ణం, విలువ అనే వివరాలను రాసుకోవాలి. అక్కడి విలువ స్థానిక పన్ను కోసం కట్టినదే గాని, కౌలుదారు నిజంగా చెల్లించిన మొత్తం కాదు. ఈ తేడాను విస్మరిస్తే లెక్కలన్నీ తప్పుతాయి. ఆ కుటుంబాలను 1901, 1911 జనగణన పత్రాలలో వెతకవచ్చు. వాటిని ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అందిస్తోంది. అంతకుముందరి జనగణన పత్రాలు చాలావరకు దొరకవు: కొన్నింటిని ప్రభుత్వమే నాశనం చేయగా, మరికొన్ని 1922లో డబ్లిన్‌లో పాత రికార్డులు భద్రపరిచిన ఫోర్ కోర్ట్స్ భవన సముదాయం వద్ద జరిగిన పోరులో కాలిపోయాయి.

నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనవి, బంగాళదుంప పంట దెబ్బతిని వచ్చిన ఐర్లండ్ మహా క్షామానికి కాస్త ముందు, 1843–1845 మధ్య కౌలు పరిస్థితులపై విచారణ జరిపిన ప్రభుత్వ సంఘం డెవన్ కమిషన్ సేకరించిన సాక్ష్యాలు. వాటిని చదివేటప్పుడు సాక్షి భూస్వామా, ఎస్టేటు ఏజెంటా, కౌలుదారా అన్నది ప్రతి వాంగ్మూలం పక్కన తప్పక గుర్తించుకోవాలి.