కదిలే భాగాలకు కందెనను ఎంచుకోవడం, వేయడం

ఎంత నునుపుగా సానపట్టిన ఉక్కు అయినా సూక్ష్మదర్శిని కింద ఎగుడుదిగుడుగానే కనిపిస్తుంది. అలాంటి రెండు ఉపరితలాలు ఒకదానినొకటి ఒత్తుకున్నప్పుడు కేవలం కొన్ని మొనల దగ్గరే తాకుతాయి. బరువంతా అక్కడే పడటంతో లోహం అతుక్కుని, కదలగానే తెగి, వేడినీ అరుగుదలనూ కలిగిస్తుంది. కందెన లేని పొడి ఉక్కు మీద పొడి ఉక్కు జారేటప్పుడు ఘర్షణ గుణకం (జారడాన్ని అడ్డుకునే బలానికి, ఒత్తే బలానికి ఉన్న నిష్పత్తి) సుమారు 0.6 ఉంటే, పలుచని కందెన పూత దానిని 0.1 దగ్గరకు తెస్తుంది. నూనె పొర రెండింటినీ పూర్తిగా విడదీస్తే అది 0.01 కంటే కూడా తగ్గవచ్చు. కాబట్టి కందెనను ఎంచుకునే ముందు, మీ యంత్రభాగంలో అలాంటి పూర్తి పొర ఏర్పడే అవకాశం ఉందా అన్నది తేల్చుకోవాలి.

బోషాంప్ టవర్ అనే ఇంజనీరు 1883లో బేరింగు (తిరిగే షాఫ్టును మోసే భాగం) పైభాగాన వేసిన రంధ్రానికి బిగించిన బిరడాను లోపలి నూనె ఒత్తిడి బయటికి తోసేయడం గమనించాడు. తిరిగే షాఫ్టు నూనెను క్రమంగా ఇరుకయ్యే సందులోకి లాక్కుపోతుందనీ, అక్కడ పుట్టే ఒత్తిడే బరువును మోస్తుందనీ ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో గణితంతో వివరించాడు. వేగం, స్నిగ్ధత (నూనె చిక్కదనం) పెరిగితే పొర మందమవుతుంది, బరువు పెరిగితే పలుచనవుతుంది. అందుకే వేగంగా, తేలికగా తిరిగే భాగానికి పలుచని నూనె, నెమ్మదిగా ఎక్కువ బరువు మోసేదానికి చిక్కని నూనె వేయాలి. అవసరానికి మించి చిక్కనైనదైతే నూనె తన లోపలి ఘర్షణతోనే వేడెక్కుతుంది.

డబ్బా మీద ఐఎస్ఓ వీజీ (అంతర్జాతీయ స్నిగ్ధత శ్రేణి) 32, 46, 68 అని ఉండే అంకె 40 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధతను తెలుపుతుంది. యంత్రం 70 డిగ్రీల వద్ద నడుస్తుంటే అదే నూనె బాగా పలుచబడుతుంది కనుక, నడిచే ఉష్ణోగ్రతను చూసి ఎంచుకోవాలి. ఇంజను నూనెల మీది ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) అంకెలు వేరే కొలమానానివి. ఎస్ఏఈ 30 నూనె దాదాపు వీజీ 100కు సమానం. ఈ రెండు కొలమానాల అంకెలూ ఒకటే అనుకోవడం చాలాచోట్ల కనిపించే పొరపాటే.

ముందుకూ వెనక్కూ ఆడే జారుడు పట్టాలు, తరచుగా ఆగి కదిలే పిన్నులు, అతి నెమ్మదిగా తిరిగే గేర్లలో పూర్తి పొర నిలవదు. అక్కడ అధిక పీడనాన్ని తట్టుకునే రసాయనాలు కలిపిన నూనెలు, లేదా గ్రాఫైటు, మాలిబ్డినం డైసల్ఫైడు ఉన్న గ్రీజులు పనికొస్తాయి. అయితే చురుకైన గంధకం ఉన్న నూనె కంచు గేర్లను తినేస్తుంది; ఈ జాగ్రత్త మరువకూడదు.

గ్రీజు వేసే ముందు యంత్రాన్ని ఆపి, విద్యుత్తు సరఫరాను తెంచి, గ్రీజు నిపులును (గ్రీజును లోపలికి ఎక్కించే చిన్న మూతిని) శుభ్రంగా తుడవాలి. లేకపోతే దాని మీది ఇసుక రేణువులు నేరుగా బేరింగులోకే పోతాయి. లోపల ఉన్నది లిథియం గ్రీజు అయితే, పొంతన ఉందని తయారీదారు చెప్పనిదే దానిపై పాలీయూరియా గ్రీజు వేయకూడదు, ఎందుకంటే కలిసిన మిశ్రమం మెత్తబడి కారిపోవచ్చు. మళ్లీ వేసేటప్పుడు బేరింగు బయటి వ్యాసాన్ని, వెడల్పును మిల్లీమీటర్లలో గుణించి, 0.005తో హెచ్చవేస్తే కావలసిన గ్రాములు వస్తాయి. ఉదాహరణకు 80 మి.మీ. వ్యాసం, 18 మి.మీ. వెడల్పు ఉన్న బేరింగుకు 7 గ్రాములకు కాస్త పైన చాలు. నిండా కూరితే తిరిగే గుండ్లు గ్రీజును చిలికి వేడెక్కిస్తాయి, నూనె విడిపోతుంది. వేసిన కొంతసేపు ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగి దిగడం మామూలే. పెరిగి అక్కడే నిలిచిపోతే మోతాదు ఎక్కువైనట్లు అనుమానించాలి.

చైనుకు పాత జిడ్డు తుడిచాకే నూనె వేసి, అది పిన్నుల లోపలికి ఇంకేదాకా తిప్పి, పైన మిగిలింది తుడిచేయాలి, పైపూత ధూళిని పట్టుకోవడం తప్ప మరెందుకూ ఉపయోగపడదు. బ్రేకు పలకలకు, బెల్టులకు ఘర్షణే కావాలి కాబట్టి వాటి దగ్గరకు కందెన పోకూడదు. బోల్టు మరలకు నూనె రాస్తే, పొడి మరలకు చెప్పిన టార్కుతోనే (తిప్పే బలంతోనే) బిగించినా బోల్టు లోపలి లాగుడు చాలా ఎక్కువవుతుంది. అలాంటప్పుడు నూనె రాసిన మరలకు విడిగా ఇచ్చిన విలువనే వాడాలి.