నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన జాగ్రత్తలు

నెల తప్పింది, టెస్టులో రెండు గీతలొచ్చాయి, ఇక ఇవాళ్టి నుంచి జాగ్రత్తగా ఉండాలి అనుకుంటాం. కానీ ఆ గీతలు కనిపించేసరికే లోపల పిండానికి దాదాపు రెండు వారాల వయసు. ఇంకో వారం తిరిగేసరికి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాతి వారంలో మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోతుంది. చాలామంది డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లేలోపే ఈ పని అయిపోతుంది. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, వీలైతే మూడు నెలల ముందే, జాగ్రత్తలు మొదలుపెట్టమని ఇంతగా చెబుతున్నాను.

ముందు లెక్క సరిచూసుకోండి. డాక్టర్లు చెప్పే వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. అండం విడుదలయ్యేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకు. కాబట్టి 'ఆరో వారం' అంటే పిండం వయసు నాలుగు వారాలే. 'ఆరో వారమే కదా, ఇంకా టైముంది' అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అసలు కీలకమైన రోజులు అవే.

అండం విడుదలయ్యాక బతికి ఉండేది ఒక్కరోజు లోపే. శుక్రకణాలు మాత్రం ఐదు రోజుల దాకా ఉండగలవు. అవి కలిసేది గర్భాశయంలో కాదు, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ ట్యూబులో. ఆ ఒక్క కణం మూడో రోజుకి ఎనిమిది కణాలవుతుంది, ఐదో రోజుకి లోపల నీరు నిండిన చిన్న బుడగలా మారుతుంది. ఆరో ఏడో రోజున గర్భాశయం గోడకు అతుక్కోవడం మొదలుపెడుతుంది. ఈ మొదటి రెండు వారాల్లో దెబ్బ తగిలితే సాధారణంగా పిండం నిలవదు, లేదా పూర్తిగా కోలుకుంటుంది. కాబట్టి తెలియక ఆ రోజుల్లో ఒక మాత్ర వేసుకున్నామని కుమిలిపోకండి. ఏ మందో డాక్టరుకు చెప్పండి, చాలు.

పిండం వయసు మూడో వారంలో పడ్డప్పటి నుంచి కథ మారుతుంది. పిండం వీపు వైపున ఒక పలుచని రేకు ఉంటుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదానికొకటి వంగి, ముందు మెడ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి అటు తలవైపు, ఇటు తోకవైపు మూసుకుంటూ పోతాయి. పిండం వయసు 28వ రోజుకల్లా గొట్టం పూర్తవుతుంది. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. కింద మూసుకోకపోతే వెన్నుపాము బయటపడి ఉండిపోతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర కాపాడేది ఈ మూసుకునే పనినే. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి 12 వారాలు నిండేదాకా రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ముందు కాన్పులో ఈ లోపం వచ్చినవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు డాక్టర్లు చాలాసార్లు ఇంకా ఎక్కువ మోతాదు రాస్తారు. అలా ముందే ఒకసారి లోపం వచ్చిన తల్లులకు రోజుకి 4 మిల్లీగ్రాములు ఇస్తే, అది మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధన తేల్చింది.

మందుల విషయంలో థాలిడోమైడ్‌ను గుర్తు పెట్టుకోండి. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ మందును గర్భిణుల వికారానికి కూడా వాడారు. 1961లో వెనక్కి తీసుకునేలోపే వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఇవాళ మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ కూడా పిండానికి ప్రమాదమే, గర్భానికి కనీసం నెల ముందే ఆపేయాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా ప్రమాదమే. కానీ దాన్ని మీ అంతట మీరు ఆపకండి, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. ముందే వెళ్లి మందు మార్పించుకోండి.

గర్భంలో వస్తే బిడ్డకు హాని చేసే రుబెల్లా జబ్బుకు టీకా పడిందో లేదో చూసుకోండి. గర్భం వచ్చాక ఆ టీకా వేయరు, వేయించుకున్నాక నెలరోజులు ఆగాలి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా ముందే చేయించుకోండి. మొదటి మూడు నెలలూ బిడ్డ ఎదుగుదలకు తల్లి థైరాయిడే ఆధారం. సిగరెట్టు, మద్యం పూర్తిగా మానేయాలి. ఇది మగవాళ్లకూ చెబుతున్నాను. శుక్రకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది, కాబట్టి ఇవాళ మానేస్తే ఫలితం కనిపించేది మూడు నెలలకు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా గర్భం నిలవకపోవచ్చు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగం దాకా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. మెట్లెక్కినందుకో, బరువెత్తినందుకో కాదు. ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అనకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. కొన్నిసార్లు పిండం ట్యూబులోనే అతుక్కుని పెరుగుతుంది. నెల తప్పాక పొత్తికడుపులో ఒక పక్కే నొప్పి, రక్తం కనబడటం, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. ట్యూబు పగిలితే లోపల రక్తస్రావంతో ప్రాణం మీదికొస్తుంది. అర్ధరాత్రయినా సరే, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, నెల తప్పిందన్న మాట ముందుగా చెప్పండి.